పెద్దక్క దాటేసిన మాట

మా కాన్పుల వార్డులో సిజేరియన్‌కి ముందు సంతకం పెట్టించేది మా హెడ్ నర్సు పెద్దక్కే. ముప్పై ఏళ్ల సర్వీసు. కాగితం చేతికిచ్చి ఊరుకునే రకం కాదు. ఆపరేషన్ ఎందుకో, అందులో ప్రమాదాలేమిటో విడమరిచి చెప్పి, పేషెంటు వాటిని తన మాటల్లో తిరిగి అప్పజెప్పాకే పెన్ను ఇచ్చేది. అవతల డాక్టరమ్మ చిందులు తొక్కుతున్నా సరే. నాకైతే ఒళ్లు మండేది. ఒక్క సంతకానికి ఇంత పురాణమా అని మొహం మీదే అనేదాన్ని.

ఆ మధ్యాహ్నం రెండో కాన్పు మనిషి వచ్చింది. మొదటిదీ సిజేరియనే. ఈసారి మాయ కిందికి దిగి పాత కోత మీద అతుక్కుంది, మామూలు కాన్పు కుదరదు. భర్త రక్తం కోసం పరుగెత్తాడు. ఆమె మంచం మీద బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఎదురుగా రెండు స్టూళ్లు. ఒకదాని మీద పెద్దక్క, రెండోది ఖాళీ. నేను ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

మాయ సంగతి, రక్తం పోవడం, కుట్లు చీము పట్టడం, మత్తు ఇబ్బందులు అన్నీ చెప్పి, "ఇప్పుడు నువ్వు చెప్పు తల్లీ," అంది పెద్దక్క.

ఆమె పొల్లు పోకుండా చెప్పింది. చివర్న, "రక్తం ఆగకపోతే గర్భసంచి తీసేస్తారు. అప్పటికీ ఆగకపోతే ప్రాణానికే ముప్పు," అంది.

"ఆ మాట నేను చెప్పలేదే!"

"మీ పక్కన కూర్చున్నావిడ చెప్పారుగా. ఆకుపచ్చ గౌనులో."

నేను తలుపు దగ్గర్నుంచి తొంగిచూశాను. స్టూలు మీద ఎవరూ లేరు.

"మీరు జాలిపడి ఆ ఒక్క మాటా దాటేస్తారట. ఆవిడకీ దాటేశారట. ముందే తెలిసుంటే మా పెద్దోణ్ణి ఒక్కసారి ఎత్తుకుని లోపలికి వెళ్లేదాన్ని అంటున్నారు."

పెద్దక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. పదకొండేళ్ల కిందట ఒకామె భయంతో వణికిపోతుంటే, పాపం అని ఆ మాట దాచిందట. ఆమె ఆపరేషన్ బల్ల మీదే పోయింది. అప్పటినుంచే ఈ అప్పజెప్పించుకోవడం. అయినా ఆ మాట మాత్రం నోరు దాటి రాదట. ఈ సంగతి నాకు ఆ సాయంత్రమే చెప్పింది.

"అక్కా, టైమైపోతోంది, సంతకం పెట్టించెయ్యండి!" అన్నాను. భయమేసినప్పుడు నాకు ఇంకా తొందర.

పెద్దక్క నా మాట చెవిన పెట్టలేదు. ఆ మాట మొత్తం తన నోటితో చెప్పింది. చెప్పి, "ఎవరినైనా చూస్తావా తల్లీ?" అని అడిగింది.

"బయట మా అత్తయ్య దగ్గర పాపుందండీ."

పాపని తెప్పించింది. తల్లి దాన్ని వాటేసుకుంది, ఊడిన చెప్పు తొడిగింది, ఇంకోసారి వాటేసుకుంది. అప్పుడు సంతకం పెట్టింది.

లోపల అన్నంతా అయింది. గర్భసంచి తీసేయక తప్పలేదు. తల్లీ బిడ్డా దక్కారు.

మర్నాడు పొద్దున ఆమె పొట్ట మీద చెయ్యేసుకుని, "తీసేశారా?" అంది. పెద్దక్క అవునంది. ఆమె చాలాసేపు ఏడ్చింది గానీ మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

నేను తర్వాతి ఆపరేషన్ సంతకం కాగితం పట్టుకుని తొందరపడుతూ అక్కడే నిలబడ్డాను. ఏడుపు తగ్గాక పెద్దక్క మెల్లగా అడిగింది. "ఆవిడ ఇంకా నా పక్కనే ఉందా?"

"లేరండీ," అని ఆమె నా వైపు చూసింది. "ఈ సిస్టర్ పక్కన నిలబడ్డారు."