ఓబులమ్మక్క గ్లాసులు

నన్నారి షర్బత్ సీసా మూత తీస్తే ఎవరికైనా దాహం వేస్తుంది. నాకు కోపం వస్తుంది. మొన్న సాయంత్రం నంద్యాలలో మా ఇంటి వరండాలో కూర్చుని మూత తిప్పానో లేదో, తడిమట్టి మీద బెల్లం కరిగినట్టుండే ఆ వాసన గుప్పుమంది. గ్లాసులో కాస్త పోసి, నిమ్మకాయ పిండి, సోడా వంచాను. నురగ బుస్సుమంటూ అంచుదాకా వచ్చింది. అంతే, ఓబులమ్మక్క గుర్తొచ్చింది. ఆమె వెనకాలే, ఆమె చేత ఇల్లు ఖాళీ చేయించిన పెద్దమనుషులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఇన్నేళ్లయినా నాకు ఆ మంట చల్లారలేదు. చల్లారాలని కూడా లేదు.

ఓబులమ్మక్క నా మొదటి ఉద్యోగంలో పైఅధికారి. నంద్యాల శివార్లలో విత్తనాలు శుద్ధి చేసే ఒక ప్రైవేటు యూనిట్లో గ్రేడింగ్ పనంతా ఆమె చేతికింద నడిచేది. పుట్టింది ఆళ్లగడ్డ పక్కన పల్లెలో. అహోబిలం స్వామికి మొక్కుకుంటే పుట్టినవాళ్లకు మా వైపు ఓబులేసు అనో ఓబులమ్మ అనో పేరు పెడతారు, వెతికితే ఇంటికొకరు దొరుకుతారు. నాదీ ఆళ్లగడ్డే కాబట్టి, మనూరి పిల్ల హాస్టల్లో ఎందుకని తను అద్దెకున్న ఇంట్లో ఒక గది నాకిచ్చింది. అప్పటికే ఆమె భర్త పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. పనిలో నేను "మేడం" అనేదాన్ని, ఇంటికొస్తే "అక్కా" అనేదాన్ని. యూనిట్లో ఆమె అడుగుల చప్పుడు వినబడితే లారీ డ్రైవర్లు సైతం బీడీ ఆర్పేసేవాళ్లు.

మొదటిరోజు పని ముగించుకుని ఇల్లు చేరగానే నేను చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి నడిచాను. మా ఇంట్లో ఆడవాళ్లు చేసేది అదే. బియ్యం డబ్బా ఎక్కడుందా అని వెతుకుతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"యాడికి పోతాండావ్?"

అన్నం పెడదామని, అన్నాను.

"పొద్దున్నించీ నిలబడే ఉండావు కదా. ముందు కూచో. ఆకలైతే అప్పుడు చూద్దాం."

అలా నన్ను వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. రెండు బరువైన గాజు గ్లాసులు తెచ్చింది. అహోబిలం పోయినప్పుడల్లా అక్కడ చెంచు ఆడవాళ్ల దగ్గర సుగంధి వేర్లు కొనుక్కొచ్చి, తనే మరగబెట్టి, చక్కెర పాకం పట్టి సీసాలకు నింపుకునేది. ఆ నన్నారిలో సోడా కలిపి నా చేతికిచ్చింది. వీధిలో జనం తిరుగుతుంటే, చీకటి ఇంకా పడకముందే, ఒక ఆడమనిషి కాళ్లు చాపుకుని కూర్చుని చల్లగా ఏదో తాగడం నేను అంతవరకూ చూడలేదు. మా అమ్మ కూర్చోగా చూశాను గానీ, అప్పుడామె చేతిలో చింతపండో చిక్కుడుకాయలో ఉండేవి.

ఆకలి వేశాక లోపలికి పోయి నూడుల్స్ చేసింది. ప్యాకెట్లో వచ్చిన మసాలా పొట్లం చెత్తబుట్టలో పడేసి, ఉల్లిగడ్డా టమోటా వేయించి, దోసెల మీద రాసుకునే ఎర్రగారం ఒక చెంచా వేసి, దించేముందు చెనిక్కాయల పొడి, అంటే వేయించిన వేరుశనగల పొడి, చల్లింది. నేను గ్లాసులు కడిగి వచ్చేలోపు అయిపోయింది. రాయలసీమ కారంతో చైనా దారాలు, అని నేను నవ్వితే, ఆమె నవ్వలేదు. అత్తగారింట్లో పండగ పూట సేమియాలాంటి శావిగలు పిండితో ఒత్తీ ఒత్తీ రెక్కలు పడిపోయేవని, ఒత్తినంత సేపట్లో వందోవంతు కూడా పట్టకుండా మగవాళ్లు తినేసి లేచిపోయేవాళ్లని, ఈ ప్యాకెట్టు కనిపెట్టినవాడు ఎవడో గానీ వాడి కడుపు చల్లగుండాలని చెప్పింది. మా అమ్మకు ఈ సంగతి ఫోన్లో చెబితే అదేం వంట అంది. కడుపు నిండితే వంట కాక మరేమిటి? రోజూ అన్నం, పప్పు, కూర, పచ్చడి ఉండి తీరాలని చెప్పేవాళ్లలో పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు ఎంతమంది?

ఆ గ్లాసుల కథ కొన్నాళ్లకు తెలిసింది. మందంగా, పక్కలకు చెక్కుడు పూలతో, చేతిలోకి తీసుకుంటేనే ఇవి మంచినీళ్లవి కావని తెలిసేలా ఉండేవి. అవి ఆమె భర్తవి. ఆయన తాగీ తాగీ కాలేయం చెడి పోయాడు. అలాంటప్పుడు వాటిని ఎందుకు ఉంచుకున్నావని అడిగాను.

"గ్లాసులేం చేసినాయి పాపం," అంది. తర్వాత తనే చెప్పింది. "ఆయప్ప మాపటేల ఇంటికొచ్చి ఇట్లనే కాళ్లు చాపుకోని కూచునేటోడు. నేను సోడా, ఉల్లిగడ్డ ముక్కలు, చెనిక్కాయలు అందిస్తా వాకిట్లో నిలబడేదాన్ని. మందు మీద నాకెప్పుడూ ఆశ లేదు పాపా. ఆ కూచునేదాని మీద ఉండె."

ఈ మాట విన్నది నేనొక్కదాన్నే. వీధికి కనబడింది వేరు. బంగారురంగు ద్రవం, మందు గ్లాసు, నురగ, సాయంత్రం, మొగుడు లేని ఆడమనిషి. ఇంకేం కావాలి? సోడా బండివాడు ఆమె గేటు దగ్గర ఆగడం కూడా సాక్ష్యమైంది. ఆ ఇంట్లో అన్నం వండరట, తాగిన మత్తులో ప్యాకెట్లు ఉడకేసుకుని తింటారట అని కుళాయి దగ్గర చెప్పుకున్నారు. తాగి చచ్చిన మొగుడి గ్లాసుల్లో పెళ్లాం తాగుతోందని ఒకావిడ ముక్కున వేలేసుకుంది. ఈ కబుర్లు మోసిన ఇళ్లలో తాగని మగవాడున్న ఇల్లు ఏదో నేను ఇప్పటికీ చెప్పలేను. మా యూనిట్లో సీజను ముగిసినప్పుడల్లా మగవాళ్లంతా దాబాకు పోయి తాగేవాళ్లు. మర్నాడు మేనేజరు ఎర్రటి కళ్లతో మధ్యాహ్నం దిగితే, పాపం రాత్రి లేటయిందట అని సానుభూతి చూపేవాళ్లు. గురివింద గింజ సామెత మా వాళ్ల కోసమే పుట్టి ఉంటుంది.

ఒక సాయంత్రం ఇంటాయన వచ్చాడు. ఉద్యోగం చేసి దిగిపోయిన పెద్దాయన, నుదుట బొట్టు, చేతికర్ర. వీధి పెద్దలు ఇద్దరిని వెంటేసుకొచ్చాడు. కుర్చీలు వేస్తే కూర్చోలేదు. అక్క తన చేతిలో గ్లాసు పక్కన పెట్టలేదు. పెద్దాయన గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా, తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారమ్మా అన్నాడు.

"తాటిచెట్టు కింద కల్లే తాగేటోళ్లు ఈ వీధిలో శానామంది ఉండారు కదప్పా," అంది అక్క. "వాళ్ల గేటు కాడికి ఎప్పుడన్నా పోయినారా?"

వెనకున్న ఇద్దరిలో ఒకాయన చూపు తన చెప్పుల మీదికి దిగింది. పెద్దాయన మాత్రం తొణకలేదు. వాదనలెందుకు, ఆ గ్లాసు ఒకసారి ఇలా ఇస్తే వాసన చూసి మా దారిన మేం పోతాం, లేదంటే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమ్మా అన్నాడు. అది ఆమె ఎంతోకాలంగా ఉంటున్న ఇల్లు. పెరట్లో కరివేపాకు చెట్టు ఆమె పెట్టిందే. యూనిట్‌కు నడిచిపోగల దూరం. ఒంటరి ఆడదానికి, అందులోనూ ఇలాంటి పేరు మోసుకుని వచ్చినదానికి, నంద్యాలలో మళ్లీ ఇల్లు ఇచ్చేవాడెవడు? నేను ఆమె చెవి దగ్గర వంగి, ఇచ్చేయక్కా, నన్నారే కదా, వాళ్ల మొహాలే మాడిపోతాయి అన్నాను.

ఆమె జవాబు నాకు కాదు, వాళ్లకు చెప్పింది.

"ఈ పొద్దు గ్లాసు వాసన చూస్తారు. రేపు నా నోరు వాసన చూస్తారు. నెలాఖరుకు తాళంచెవి ఇస్తా, పోండి."

వాళ్లు పోయాక మిగిలింది తాగేసి, నూడుల్స్‌కు నీళ్లు పెట్టింది. ఎప్పటిలాగే తింది, కాకపోతే ఎర్రగారం రెట్టింపు వేసింది.

వార్త ఆళ్లగడ్డకు బస్సు కంటే ముందు చేరింది. ఆదివారం మా నాయన దిగబడ్డాడు. మొహం చూస్తేనే నన్ను తీసుకుపోవడానికి వచ్చాడని తెలిసింది. సంచి సర్దుకోమని నాకు సైగ చేశాడు కూడా. అక్క ఏమీ ఎరగనట్టు, ఎండన పడొచ్చినావు కూచో అన్నా అని, అదే గాజు గ్లాసులో నన్నారి కలిపి ముందు పెట్టింది. నాయన దానికేసి చాలాసేపు చూశాడు. మర్యాద కోసం చేతిలోకి తీసుకున్నాడు, గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే ఆగాడు, తర్వాత ఒక గుక్క తాగాడు. ఆయన మొహంలో ముందు నవ్వు వచ్చింది, దాని వెనకాలే సిగ్గు వచ్చింది. గ్లాసు ఖాళీ చేసి లేచాడు.

"ఆ పెద్దాయన ఇల్లు యాడ? నేను పోయి చెప్తా. నేను తాగి చూసినానని చెప్తా."

"కూచో అన్నా. నువ్వు చెప్తే నమ్ముతారు," అంది అక్క. "అదే నా కోపం."

ఆమెను అంత కోపంగా చూసింది ఆ ఒక్కసారే. గొంతు పెంచలేదు, కుర్చీలోంచి కదలలేదు. ఊరూపేరూ తెలియని మగవాడు బస్సు దిగొచ్చి ఒక్క మాట చెబితే తీరిపోయే సందేహం, అన్నేళ్లు ఆ వీధిలో తలెత్తుకుని బతికిన మనిషి ఉనికితో తీరలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. నాయనకూ తెలిసిందనుకుంటాను. మళ్లీ కూర్చుని, ఆమె పెట్టిన నూడుల్స్ చేత్తోనే తిన్నాడు. నా సంచి సంగతి మళ్లీ ఎత్తలేదు. నెలాఖరున మళ్లీ వచ్చి ఆమె సామాను ఆటోలోకి తనే ఎక్కించాడు.

నేను హాస్టల్‌కు మారాను. అక్క ఆళ్లగడ్డలో తమ్ముడి ఇంటి పక్కన చిన్న ఇల్లు చూసుకుని, రిటైరయ్యేదాకా రోజూ బస్సులో నంద్యాలకు వచ్చిపోయింది. ఎండలో వానలో ఆ వయసు మనిషి బస్టాండులో నిలబడటం చూసినప్పుడల్లా ఆ చేతికర్ర పెద్దాయన ఇంటికి పోయి గేటు ఊపి అరవాలనిపించేది. ఆ వరండాలోకి తర్వాత దిగినాయన నిజంగానే తాగేవాడు, ఆ చోటే కూర్చుని తాగేవాడు. ఇంటాయన కూడా అప్పుడప్పుడూ పక్కన కుర్చీ వేసుకునేవాడట. వాసన బాగానే ఉండి ఉంటుంది.

పోయినేడు అక్క పోయింది. దినాలకు నేను ఆళ్లగడ్డ పోయాను. మా వైపు దినం రోజున పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పటం ముందు పెడతారు. బీడీలు తాగినాయనకు బీడీ కట్ట, మందు తాగినాయనకు మందు. నేను లోపలికి అడుగుపెట్టేసరికి, ఓబులమ్మక్క పటం ముందు వడలకూ కోడికూరకూ పక్కన బ్రాందీ సీసా ఉంది.

పెట్టింది ఆమె తమ్ముడి కొడుకు. మంచివాడు, చివరిదాకా ఆమెను ఆస్పత్రులకు తిప్పినవాడు. మా యత్తకు ఇష్టం కదక్కా, నలుగురూ ఏమన్నా అనుకోనీ అని పెట్టినా అన్నాడు, కళ్లల్లో నీళ్లతో. వాడిని కొట్టాలో కావలించుకోవాలో నాకు తోచలేదు. పక్కింట్లో ఉండి కూడా వాడు ఏనాడూ ఆమె పక్కన కూర్చుని ఒక గుక్క తాగి చూడలేదు. నంద్యాల వీధి వేసిన నింద ఆళ్లగడ్డకు వచ్చి, ప్రేమగా, పూలదండతో సహా ఆమె ముందు కూర్చుంది. నాకు ఒళ్లంతా మండిపోయింది.

సీసా తీసి వాడి చేతిలో పెట్టాను. వంటింట్లో ఆమె అలమారలో సగం నన్నారి సీసా, రెండు నూడుల్స్ ప్యాకెట్లు, ఎర్రగారం డబ్బా అలాగే ఉన్నాయి. సోడా తెప్పించాను. ఉల్లిగడ్డలు కోస్తుంటే చుట్టాలు వాకిట్లో నిలబడి వింతగా చూశారు. చెనిక్కాయల పొడి చల్లి, ఆకులో పెట్టి, చెక్కుడు గ్లాసులో నురగ పొంగేలా పోసి పటం ముందు ఉంచాను.

"గ్లాసులో అదేందక్కా?" అన్నాడు తమ్ముడి కొడుకు.

"మీ యత్త తాగేదే," అన్నాను.

అంటే మందేనా అని వెనక నుంచి ఎవరో అడిగారు. నన్నారి అన్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆమె చెప్పనిది చెప్పడానికి నేనెవరిని? తాగి చూస్తే తెలుస్తుంది, కూర్చోండి అన్నాను. అంతమందిలో ఒక్కరూ కూర్చోలేదు. తర్వాత ఆకు గోడ మీద పెడితే, కాకి వడ వదిలేసి ఎర్రటి నూడుల్స్ పోగు లాక్కుపోయింది. దానికొక్కదానికి సందేహాలు లేవు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ తమ్ముడి కొడుకే రెండు గ్లాసులు గుడ్డలో చుట్టి నాకిచ్చాడు. ఇప్పుడు నేను యూనిట్లో ఆమె కుర్చీలోనే పనిచేస్తున్నాను. ఇంటికొచ్చాక ముందు కూర్చుంటాను, వంట సంగతి ఆకలేసినప్పుడు చూస్తాను. మొన్న వరండాలో నురగ ఇంకా దిగకముందే ఎదురింటామె చీపురు చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. గ్లాసుకేసి చూసి, గొంతు తగ్గించి, ఏం తాగుతాండావక్కా అని అడిగింది.

"కూచున్నానమ్మా," అన్నాను. "నువ్వూ రా, కూచో."

లోపలికి పోయి రెండో గ్లాసు తెచ్చి, పక్క కుర్చీ ముందు పెట్టాను. ఆమె గేటు గడియ తీసింది. ఒక అడుగు లోపలికి కూడా వేసింది. అంతలో వాళ్లింట్లోంచి మగగొంతు ఏదో అడిగింది, పొయ్యి మీద పప్పుందక్కా అని వెనక్కి తిరిగింది. గడియ మాత్రం వేయలేదు. అప్పట్నించీ రోజూ ఆ వేళకు నేను రెండు గ్లాసులూ బయట పెడుతున్నాను.