అమ్మ పేరున్న రేకు బిళ్ళ

అమ్మ పోయిన నెలకి ఆమె కుట్టుపెట్టెలో ఒక రేకు బిళ్ళ దొరికింది. దానిమీద మేకుతో కొట్టిన అక్షరాలు: గుద్రున్ పేచ్.

డ్రెస్డెన్‌లో మా వీధి ఆడవాళ్ళందరికీ అలాంటి బిళ్ళ ఉండేది. క్రిస్మస్ రొట్టెకి పిండి, వెన్న, ఎండుద్రాక్ష ఎవరివి వాళ్ళే రొట్టెల బట్టీకి తీసుకెళ్ళేవారు. బట్టీవాడు ముద్ద కలిపి, ఎవరిదో తెలిసేలా బిళ్ళ గుచ్చి, పొయ్యిలోకి తోసేదాకా పక్కనే కాపలా నిలబడేవారు. బాదం మాత్రం అప్పట్లో మాకు దొరికేది కాదు. సరిహద్దుకి అవతల, పడమటి జర్మనీ నుంచి ఎల్ఫ్రీడె పెద్దమ్మ పంపేది.

ఒక ఏడు అమ్మ నిలబడలేదు. బట్టీ లోతార్‌ది. చిన్నప్పుడు అమ్మ వెనకాలే తిరిగినవాడు.

"కాపలా ఉండవా గుద్రున్?" అని వరసలో ఒకావిడ ఎగతాళి చేసింది.

"లోతార్ దగ్గరా? వాడికి బూటు లేసు కట్టడం నేర్పిందే నేను," అంటూ అమ్మ బిళ్ళ వాడి చేతిలో పెట్టి వచ్చేసింది.

ఆరేళ్ళుగా దొరకని అనుమతి దొరికి, పెద్దమ్మ సరిహద్దు దాటి ఆ పండక్కే మా ఇంటికి వచ్చింది. పండగ పొద్దున అమ్మ రొట్టె కోసి మొదటి ముక్క ఆమెకే పెట్టింది. పెద్దమ్మ నమలడం ఆపేసింది.

"ఇందులో నా బాదం ఏదే?"

అమ్మ కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది. బాదం బదులు ఆప్రికాట్ గింజల చేదు.

"అమ్ముకున్నావా? అవసరముంటే అడగొచ్చుగా."

"ఒట్టు అక్కా! బట్టీలోనే ఏదో జరిగింది."

"నీ బిళ్ళేగా గుచ్చి ఉంది!"

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ రైలు. రైలు వేళకి కాస్త ముందు అమ్మ నన్ను వెంటబెట్టుకుని లోతార్ ఇంటికి వెళ్ళింది. ఏమీ తెలియని అతని భార్య కాఫీతో పాటు రొట్టె పెట్టింది. ముక్క నిండా తెల్లటి బాదం పలుకులు.

"ఎవరివిరా ఇవి?"

లోతార్ కప్పులోకే చూస్తూ అన్నాడు: "నువ్వు నిలబడలేదుగా, గుద్రున్."

అమ్మ ఆ ముక్కని చేతిరుమాల్లో చుట్టుకుని మంచులో స్టేషన్‌కి పరిగెత్తింది. పెద్దమ్మ అప్పటికే రైలు పెట్టెలో కూర్చుంది. కిటికీ అద్దం దించింది.

"అక్కా, ఇదిగో నీ బాదం! లోతార్..."

పెద్దమ్మ రుమాలు విప్పి చూసింది.

"అంటే, మంచిది దాచుకుని నాకు అది పెట్టావన్నమాట."

రైలు కదిలింది. ఆ తర్వాత బాదం పొట్లాలు రాలేదు.

మరుసటి ఏడు అమ్మ మళ్ళీ లోతార్ బట్టీకే వెళ్ళింది. మా పేటలో వేరే బట్టీ లేదు. పొయ్యి తలుపు మూసేదాకా, బాదం లేని ముద్ద పక్కన నిలబడింది.