మడ్డి కోసం మల్లాపూర్ దాకా

డిసెంబరు నెల, ఉదయం ఐదూ నలభైకి జూబ్లీ బస్టాండులో సిరిసిల్ల బస్సెక్కాను. భుజాన బట్టల సంచి, చేతిలో ఐసు నింపిన డబ్బా. డబ్బాలో రెండు బీరు సీసాలు. ఒకటి మేము కాచింది, రెండోది ఏ వైన్ షాపులోనైనా దొరికే స్ట్రాంగ్ బీరు. కండక్టరు మూత తీయించి చూసి, "పగిలితె బస్సంత కంపు గొడ్తది సార్, కాళ్లసందున వెట్టుకో," అన్నాడు. సిద్దిపేట దాకా మోకాళ్లు దగ్గరికి ముడుచుకునే కూర్చున్నాను.

నేను పనిచేసేది హైదరాబాదులో, సొంతంగా బీరు కాచి అమ్మే ఒక పబ్బులో. నా ఉద్యోగం రుచి చూడటం. ఇంట్లో చారుకు కూడా వంక పెడతానని మా ఆవిడ తిడుతుంది, నిజమే. కంపెనీ బీరు ఎక్కడ కొన్నా ఒకటే రుచి. మాది వారానికో తీరు. ఈసారి మా యజమానికి కొత్త ఆలోచన వచ్చింది. బీరును పులియబెట్టే ఈస్టు మామూలుగా ప్యాకెట్లలో వస్తుంది. దాని బదులు ఈత కల్లు అడుగున మిగిలే మడ్డితో పులియబెడితే, అలాంటి బీరు ఇంకెవరి దగ్గరా ఉండదు కదా అన్నాడు.

మా దగ్గర వడ్డించే గంగాధర్‌ది మల్లాపూర్. "మా బావ మల్లేశం ఈత చెట్లు గీస్తడు, కల్లుల ఇప్పటికి మత్తుమందు కలుపడు సార్," అని చెప్పాడు. మల్లేశానికి ఫోన్ చేశాను. నచ్చితే వారం వారం ఒక క్యాను మడ్డి బస్సులో పంపాలన్నాను. పెద్ద అధికారిలాగా, "సరుకు మాత్రం శుభ్రంగా ఉండాలి," అని కూడా అన్నాను.

తొమ్మిదీ ఇరవైకి సిరిసిల్లలో దిగాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీ బాగుంది. మందు కలిపి సీసాల్లో అమ్మే డిపో కల్లు కూడా ఒకసారి చూసి రమ్మని యజమాని చెప్పాడు కాబట్టి, సాంచెలు, అంటే మరమగ్గాలు, మోగుతున్న గల్లీ వెనక ఒక దుకాణానికి వెళ్లాను. ప్లాస్టిక్ ట్రేలలో సీసాలు. ఒకటి తీసుకుని నోట్లో పోసుకున్నాను. ముందు శాకరిన్ తీపి, వెనక నాలుక మొద్దుబారే చేదు. రెండో గుక్క ఉమ్మేశాను. పక్క బల్ల మీద ఉన్నాయన నవ్వాడు. తంగళ్లపల్లి నుంచి రోజూ వచ్చి సాంచెలు నడుపుతాడట.

"రుచి ఎవలు జూస్తరు సార్! పొద్దంత సాంచెల మోత, పండుకున్నా గదే మోత. గివి రెండు సీసలు వడితెనే చెవులు మూస్కపోతయి."

"చెట్టు కల్లు తాగరా?"

"గది ఒకనాడు పులుపు, ఒకనాడు సప్పగ. గిది నిన్న ఎట్లుండెనో గియ్యాల గట్లనే ఉంటది. నెలల పదిహేనొద్దులే పనున్నది, సాంచెల పనికి భీవండి పోదామా అని చూస్తున్న. గీ సీస ఒక్కటన్న మారకుంట ఉండని."

పెద్ద కంపెనీలవాళ్లు తమ బీరు గురించి చెప్పుకునే గొప్ప కూడా ఇదే. అతనికి వస్తానని చెప్పి బస్టాండుకు నడిచాను.

పన్నెండు నలభైకి వేములవాడ మీదుగా కోరుట్ల బస్సు. పక్క సీట్లో బీడీ ఆకు మూటతో ఒక పెద్దావిడ. ఎటు పోతున్నావని అడిగితే, కల్లు కోసం అన్నాను.

"హైదరాబాద్ల కెల్లి కల్లుకు అచ్చినవా! ఇంట్ల పెండ్లాం అడుగదా నిన్ను?" అని బస్సంతా వినేలా నవ్వింది. "మా దిక్కు చెట్లెక్కెటోల్లు ఏడున్నరు బిడ్డా, అందరు దుబాయికి ఇమానాలెక్కిరి."

మూడింటికి కోరుట్ల. లాడ్జిలో సంచి పడేసి, అన్నం తిని, ఐసు మార్పించుకుని, ఆటోలో మల్లాపూర్ చేరేసరికి నాలుగున్నర. మల్లేశం రోడ్డు దాకా ఎదురొచ్చాడు. నలభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. పదేళ్లు దుబాయిలో చేసి నిరుడు తిరిగొచ్చి, తండ్రి చేతి నుంచి ఈత చెట్లూ పాత కుండలూ అందుకుని తానే గీస్తున్నాడు. వాకిట్లో ఆయన భార్య పద్మ చాటలో బీడీలు చుడుతోంది. చాయ్ ఇచ్చి, దాచకుండా విషయం చెప్పింది.

"రేపు ఐదింటి లోపట జగిత్యాల ఏజెంటుకు పాస్‌పోర్టు ఇయ్యాలె సార్. దుబాయి వీసా అచ్చింది. మీరు తీసుకుంటమంటె గీయన ఉంటడు, లేకుంటె పోతడు. మా బిడ్డ తొమ్మిదో తరగతిల ఉన్నది. తండ్రిని ఫోన్లనే ఎక్కువ చూసింది."

ఒక మనిషి ఉండటం, పోవటం నా నాలుక మీద ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. భయం వేసింది. మాట మార్చడానికి డబ్బా తెరిచి, మల్లేశానికి రెండు గ్లాసుల్లో రెండు బీర్లు పోశాను. స్ట్రాంగ్ బీరు ఒక్క గుక్కలో తాగేశాడు.

"గిది ఎర్కే. దుబాయిల తాగినా గిదే, కోరుట్లల తాగినా గిదే. మోసం లేదు." మాది తాగేముందు వాసన చూశాడు. నోట్లో కాసేపు ఉంచుకున్నాడు. "గిది చెట్టు దిగి గంటైన కల్లు లెక్కున్నది. రేపు గిట్లనే ఉంటదా?"

"ఉండదు."

"గట్లైతె మంచిదే," అన్నాడు. ఇన్నేళ్లలో మా బీరును అంత సరిగ్గా పట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు.

పద్మ నవ్వింది. "రెండొద్దుల సంది ఏం పని జేస్తున్నడో నాతోని సుత చెప్తలేడు. పొద్దుగాల మీరే చూస్తరట."

రాత్రి కోరుట్ల లాడ్జిలో పడుకుని, మర్నాడు ఐదూ యాభైకి ఆటోలో ఈత వనం దగ్గర దిగాను. చేను గట్ల మీద వరుసగా ఈత చెట్లు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చేన్లలో చెరకు లేదు, మొక్కజొన్న వేస్తున్నారు. మంచులో మల్లేశం నడుముకు మోకు బిగించి పైకెక్కాడు. లొట్టి, అంటే కల్లు కుండ, దించి నా ముందు పెట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

లొట్టి లోపల తెల్లగా ఉంది. నిన్న కుమ్మరి ఇంటి నుంచి వచ్చిందా అన్నట్టుంది. ముంతలో పోసిచ్చాడు. తేటగా, చల్లగా, అంత మంచి తీపి నేను ఎన్నడూ ఎరగను. నురగ లేదు, పులుపు వాసన లేదు. అంటే అసలు పులియనే లేదు.

"సున్నం రాశావా మల్లేశన్నా?"

"ఔ సార్. చిన్న పిల్లలకు, పానం బాగలేనోల్లకు దీస్తం గిట్ల. సున్నం రాస్తె పులువది. మీకోసం అన్నిట్కి రాసిన."

"మరి మడ్డి?"

"పాత మడ్డి అంత పెంటకుప్పల పారబోసిన. లొట్లన్ని ఉడుకు నీళ్లతోని, బూడిదతోని తోమిన. ముప్పై రెండు లొట్లు. మా నాయిన ఎన్నడు తోమలె సార్, ఉట్టిగ గట్లనే ఎక్కిస్తుండె. దుబాయి హోటల్ల పదేండ్లు బోళ్లు తోమినోన్ని. సూపర్‌వైజర్ ఏలు వెట్టి గీసి చూస్తుండె. మీరు అత్తున్నరంటె గదే యాదికచ్చింది. గా వాసనకు సిగ్గైంది."

మాకు కావలసింది ఆ వాసనేనని, తండ్రి కాలం నుంచి కుండ అడుగున బతుకుతూ వచ్చిన పులుపేనని, నేను శుభ్రం అన్నది డిపోలో కలిపే మందు గురించేనని చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే రోతగా వినిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆ మాట ఫోన్లోనే విడమరిచి చెబితే నా సొమ్మేం పోయేది?

మల్లేశం లొట్టి అంచును బొటనవేలితో రుద్దాడు. తరవాత, "సున్నం కడిగి, ఎప్పటి లెక్కనే ఎక్కిస్తె మళ్ల పులుస్తది సార్," అన్నాడు. "పదిహేనొద్దులు వడ్తది. ఆగుతరా?"

"మా సార్‌ను అడిగి చెప్తాను."

"ఐదింటి లోపట చెప్పుండ్లి. మీరే చెప్పుండ్లి, గంగాధర్‌తోని చెప్పియ్యకుండ్లి."

కోరుట్ల వచ్చి లాడ్జి ఖాళీ చేసి, పదకొండున్నరకు జగిత్యాల చేరాను. బస్టాండులో పూరీ తిన్నాను, ఏం తిన్నానో తెలియలేదు. యజమానికి ఫోన్ చేసి పదిహేను రోజులు ఆగుదామన్నాను.

"కొత్త సంవత్సరానికి బోర్డు పెట్టాలి కదయ్యా! పోనీ, ప్యాకెట్ ఈస్టు వేసేయ్. కాస్త ఈత బెల్లం కలుపు. పేరు మాత్రం ఈత బీరే."

"అది అబద్ధం కదా సార్. పైగా అక్కడ ఒక మనిషి మన మాట కోసం..."

"తాగేవాడికి తేడా తెలుస్తుందా? నువ్వే చెప్పు."

"తెలియదు," అన్నాను. జీతం తీసుకునేది ఆ తేడా తెలిసినందుకే, అయినా అలాగే అన్నాను.

ఒకటీ పదికి హైదరాబాదు బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు. కరీంనగర్‌లో పావుగంట ఆపారు. మల్లేశానికి ఫోన్ చేద్దామని మూడుసార్లు తీశాను, చేయలేకపోయాను. సిద్దిపేట దాటాక, నాలుగూ ఇరవైకి, అతనే చేశాడు. ఏజెంటు ఆఫీసు మెట్ల మీద ఉన్నానన్నాడు. పద్మ కూడా వచ్చిందట.

"ఏమన్నరు సార్?"

"పో మల్లేశన్నా. మమ్మల్ని నమ్ముకుని ఆగకు. మావాళ్లు ప్యాకెట్ ఈస్టు వాడతారట. తప్పు నాది, నేను సరిగ్గా చెప్పలేదు."

"చెప్పిండ్లు గద, గదే చాలు," అన్నాడు. "ఇగ లొట్లు బోర్లేస్త." వెనక నుంచి పద్మ ఏమన్నారని అడుగుతోంది. జవాబు వినిపించకముందే ఫోన్ పెట్టేశాడు.

ఈ దారిన వెళ్లాలనుకునేవారికి నాలుగు మాటలు. చలికాలంలో వెళ్లండి, ఎండెక్కకముందే చెట్టు దగ్గర ఉండండి, ఈత కల్లు తాగవలసింది అప్పుడే. కోరుట్ల లాడ్జి ఫరవాలేదు, వేడినీళ్లు అడిగితే ఇస్తారు. మల్లేశం వనానికి మాత్రం వెళ్లకండి, అక్కడ గీసేవాడు లేడు. ఇక కంపెనీ బీరుకూ చేతి బీరుకూ తేడా అంటారా? కంపెనీవాడు చెట్టు పేరు చెప్పి అమ్మడు.

శామీర్‌పేట దగ్గర యజమాని మెసేజ్ వచ్చింది, బోర్డు మీదికి ఒక మంచి వాక్యం రాసి పంపమని. సిగ్గేసింది. తరవాత టైపు చేశాను: "మల్లాపూర్ ఈత వనంలో, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన లొట్టి మడ్డితో పులిసినది." చదివి చూసుకుంటే బాగానే ఉంది. పంపించాను.