నేను నేర్పిన ఒక్క స్పానిష్ మాట

స్పానిష్ ఎట్లా నేర్చుకున్నావని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అన్నం దగ్గర నేర్చుకున్నానంటే నవ్వుతారు. అది నిజమే. ఆ భాషను నేను ఎవరికైనా నేర్పానా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోవడమే నా అదృష్టం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. ఇక చాలు, చెప్పేస్తాను.

అరవైల మొదట్లో వరి సాగు చదువుకోవడానికి స్కాలర్‌షిప్పు మీద స్పెయిన్ వెళ్లాను. వలెన్సియా దగ్గర, సముద్రం పక్కన ఒక ఊరు. గూడూరు దగ్గరి మా కోట వైపు ఉన్నట్టే నల్ల బురద, ఉప్పు గాలి, కొంగలు. మూడు నెలలు వ్యాకరణంతో కుస్తీ పట్టినా నాకు నోరు పెగల్లేదు. చివరికి నేను పని నేర్చుకునే పొలం మేస్త్రీ, యాభై దాటిన మనిషి, ఒక మధ్యాహ్నం నన్ను చెయ్యి పట్టుకొని గట్టు మీదికి లాక్కుపోయాడు. అక్కడ కూలీలందరి మధ్య బండి చక్రమంత బాణలి, అందులో అన్నం. విడి పళ్లేలు లేవు. ఎవరి ముందున్నది వాళ్లు చెంచాతో తింటూ మధ్యకు వస్తారు. నేను బిక్కచచ్చిపోయి కూర్చున్నాను. మేస్త్రీ నా చేతిలో చెంచా పెట్టి, "ముందు తిను. అన్నం లోపలికి పోతే మాట బయటికి వస్తుంది" అన్నాడు.

అట్లాగే వచ్చింది. రెండేళ్లు ఆ బాణలి చుట్టూ కూర్చుని తిన్నాను. కుందేలు మాంసం తిన్నాను, పాము లాంటి చేప తిన్నాను, మాటలతో పాటు తిట్లు కూడా నేర్చుకున్నాను. ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం, గదిలో నేనే వండుకుంటున్నాను అని రాశాను. మా నాయనమ్మ ఆ ఉత్తరాలు చదివించుకుని ఊరందరికీ గొప్పగా చెప్పుకునేదట.

తిరిగొచ్చిన కొన్నేళ్లకు మద్రాసులో ఏదో వరి సమావేశం జరిగితే, స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లతో ఆ మేస్త్రీ కూడా వచ్చాడు. పనిలో పనిగా రెండు రోజులు మా ఊరొచ్చి మా మొలగొలుకుల వరి చూసి పోతానన్నాడు. గూడూరు స్టేషన్‌కు జీపులో వెళ్లి తీసుకొచ్చాను. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఊళ్లో ఎవరు ఆయనతో మాట్లాడాలన్నా నా నోరే గతి. ఆ పెత్తనం నాకు బాగా నచ్చింది.

మా పొలంలో పెద్ద పాలేరు ఒకాయన ఉండేవాడు. ఊరికి తూర్పున ఉన్న హరిజనవాడ ఆయనది, క్రైస్తవుడు. మా నాయన కంటే పెద్దవాడు. అయినా నేను చిన్నప్పటి నుంచి ఆయన్ను "ఒరే" అనే పిలిచాను, ఆయన నన్ను "చిన్నయ్యా, మీరు" అనేవాడు. మేస్త్రీ పొలంలో అడుగు పెట్టగానే ప్యాంటు పైకి మడిచి నేరుగా ఆయన పక్కన బురదలో దిగాడు. ఆయన చేతిలోని నారు కట్ట అందుకున్నాడు. వేళ్లతో ఎట్లా పట్టుకోవాలో పాలేరు చూపించాడు, తమ పద్ధతి మేస్త్రీ చూపించాడు. ఒక చాలు ఇద్దరూ కలిసి నాటారు. రెండు గంటలసేపు నా అవసరం ఎవరికీ పడలేదు.

సాయంత్రం పాలేరు నా దగ్గరికి వచ్చాడు.

"చిన్నయ్యా, దొరను రేపు మా ఇంటికి అన్నానికి పిలవాలని ఉండాది. కాలవలో కొరమీను పడింది, పులుసు పెట్టిస్తా. మీరు మధ్యలో చెప్తే బాగుండదు. నా నోటితోనే పిలుస్తా. వాళ్ల బాసలో రెండు ముక్కలు నేర్పీండి."

పిలిస్తే మేస్త్రీ తప్పకుండా వెళతాడు. నన్నూ రమ్మంటాడు. ఒకే గిన్నె ముందు కూర్చోబెట్టి, రెండేళ్లు ఇట్లాగే కదా తిన్నావు అంటాడు. ఆ తర్వాత నాయనమ్మ నన్ను వంటింటి గడప తొక్కనిస్తుందా? అప్పటికే నాకు సంబంధం ఖాయమైంది. అత్తగారి వైపు వాళ్లకు తెలిస్తే? స్పెయిన్ గట్టు మీద ఉన్న ధైర్యమంతా మా గట్టు మీదికి వచ్చేసరికి నీరుగారిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా గురించే.

మా ఇంట్లో ఒప్పుకోరు అని మొహం మీదే చెప్పి ఉంటే దుర్మార్గమైనా నిజాయితీగా ఉండేది. నేను అదీ చెయ్యలేదు. "వాయా కోన్ దియోస్" అని నేర్పాను. దేవుడు తోడుగా వెళ్లిరండి అని దానర్థం.

ఆయన ఆ ముక్కలు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేశాడు. ఒకచోట తడబడితే నేను దిద్దాను కూడా. అంత బుద్ధిగా పాఠం చెప్పాను.

మరుసటి రోజు మధ్యాహ్నం మేస్త్రీ ప్రయాణం. జీపు కళ్లం దగ్గర ఆపాను. పాలేరు తలంటుకుని, ఆదివారం గుడికి కట్టే తెల్ల పంచె, చొక్కా వేసుకుని వచ్చాడు. చేతులు జోడించి తప్పు లేకుండా ఆ మాట అన్నాడు. మేస్త్రీ మొహం వెలిగిపోయింది. టోపీ తీసి, ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపి, అదే మాట తిరిగి చెప్పి జీపెక్కాడు. పాలేరు వాడ వైపు దారి చూపిస్తూ చెయ్యి చాపాడు. నేను బండి కదిలించాను.

"రెండు రోజుల్లో నాకు వీడ్కోలు చెప్పడానికి మా భాష నేర్చుకున్నాడు, ఎంత మర్యాద తెలిసిన మనిషి" అన్నాడు మేస్త్రీ దారిలో. "నీకు మూడు నెలలు పట్టింది." ఆయన నవ్వితే నేనూ నవ్వాను.

గూడూరు నుంచి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. పాలేరు కళ్లం దగ్గరే కూర్చుని ఉన్నాడు. చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు.

"రైలుకు టైమైపోయిందిరా" అన్నాను ఆయన అడగకముందే.

"రైలు కాదులే చిన్నయ్యా. అన్నానికి రమ్మంటే నవ్వతా చెయ్యి పట్టుకున్నాడు, నవ్వతానే బండెక్కినాడు. వచ్చేవాడు అట్లా ఎక్కడు." నా వైపు చూశాడు. "నిన్న బురదలో నా చేతిలో నారు తీసుకున్నాడే. అప్పుడు ఆయనకు ఏమీ పట్టలేదే. రాత్రికి రాత్రి మేమెవరమో ఆయనకు ఎవురు చెప్పినారు చిన్నయ్యా?"

నాకు తెలియదన్నాను.