ఏడో ఇంకుడు గుంత

పంపుహౌసు మేస్త్రీ గురించి చెప్పాలంటే ముందు ఆయన చేసినవి చెప్పాలి. మనం చెప్పకపోతే ఆయనే చెప్తాడు. చదివింది ఐదో తరగతే అయినా, మోటారు చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పగలిగినవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళి ఎరగడు. రిటైరయ్యాక నీళ్ళ సంఘానికి అధ్యక్షుడై, బిందెల వరసలో జుట్లు పట్టుకునే కాలనీని ఒక్కతాటి మీదికి తెచ్చాడు. పాతికేళ్ళ ముందుచూపుతో ప్రణాళిక గీయించి, వాననీరు భూమిలోకి దిగేలా ఎనిమిది ఇంకుడు గుంతలు తవ్వించాడు. మూడేళ్ళు తిరిగేసరికి ఎండిన బోర్లు రెండు మళ్ళీ పోశాయి. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

సంఘంలో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. పంపుహౌసులో మోటారు వేసేముందు "ఎవరైనా లోపలున్నారా?" అని కేకేసి, మూడు దాకా లెక్కపెట్టి, జవాబు రాకపోతే స్పానరుతో పైపు మీద కొట్టి స్విచ్చి వేసేవారు. మీటింగులోనూ అంతే. "ఎవరికైనా అభ్యంతరమా?" అనేవాడు. ఒకటి, రెండు, మూడు. బల్ల మీద స్పానరు దెబ్బ. పుస్తకంలో "ఏకగ్రీవం" అని రాత. మౌనం అర్ధాంగీకారమంటారు, మేస్త్రీ దాన్ని పూర్తి అంగీకారం చేసేశాడు.

ఈ సంవత్సరం చుట్టుపక్కల కాలనీలన్నీ కలిసి పెద్ద ప్రణాళిక వేసుకోబోతున్నాయి. తన కాలనీలో అందరూ ఒకే మాట మీద ఎలా నిలిచారో మేస్త్రీ ఆదివారం సభలో చెప్పాలి. ఆయన పద్ధతినే కొత్త ప్రణాళికకు మొదటి నియమంగా పెట్టారు కూడా. శుక్రవారం చొక్కా బిగువు తీయించుకుందామని కింది సందులోని టైలరమ్మ ఇంటికి వెళ్ళాడు.

వెనక కిటికీ దగ్గర ఉండాల్సిన కుట్టుమిషను గుమ్మంలో ఉంది. ఎందుకని అడిగితే, నోట్లో గుండుసూదులున్న ఆవిడ గడ్డంతో వెనక్కి చూపించింది. వెనకగోడ పైనుంచి కిందికి బీటలు వారి ఉంది. బీట పక్కన, గుడ్డ మీద గీసే సుద్దతో అడ్డగీతలు. ఒక్కో గీత దగ్గర ఒక్కో నెల పేరు. గోడకు అవతల ఏడో గుంత.

ఆవిడ సూదులు తీసి చెప్పుకొచ్చింది. అక్కడ ఎప్పటిదో పూడ్చిన గొయ్యి ఉందట. దండేనికి గుంజ పాతినప్పుడే బూడిద, ఇటుకముక్కలు తగిలాయట. ఆ చోట నీళ్ళు కిందికి దిగవు, పక్కకి పాకి పునాది కిందికి చేరతాయి. ఇంకో వానాకాలం గోడ ఆగదు.

"మరి గుంతల మీటింగు రోజే చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్దామనే లేచాను అన్నయ్యా. నోట్లో సూదులు. తీసేలోపు మూడు అయిపోయింది."

కోపంగా కూడా అనలేదు. చంకల కింద పట్టేస్తోందా అని టేపు తీసింది.

మేస్త్రీ ఆ రాత్రి రెండు ముద్దలు తిని కంచం జరిపేశాడు. చొక్కా సరిపోలేదా అని భార్య అడిగింది. చొక్కా సరిపోయిందన్నాడు. ఆ తర్వాత జరిగింది చెప్పాడు గాని, సగమే చెప్పాడు.

"ఇంట్లో నన్నేదైనా అడిగినప్పుడు మూడు దాకా కూడా లెక్కపెట్టలేదు మీరు," అంది ఆవిడ, కూర గిన్నె మూత పెడుతూ.

చెప్పని సగం ఏమిటంటే, ఆ రోజు ఆయన చూశాడు. వెనక వరసలో టైలరమ్మ సగం లేచి నోటి దగ్గరికి చెయ్యి పోనివ్వడం స్పష్టంగా చూశాడు. బయట తవ్వే యంత్రం సిద్ధంగా ఉంది. ఆవిడ నోరు విప్పితే పటం మళ్ళీ గీయాలి. ఒకటి, రెండు మామూలుగా అన్నాడు. మూడు గబుక్కున అన్నాడు. పంపుహౌసులో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక్కసారి కూడా అలా అనలేదు. లోపల మనిషి ఉంటే ప్రాణం పోతుందని అక్కడ తెలుసు.

ఆదివారం హాలు నిండింది. మేస్త్రీ అలవాటు కొద్దీ బోర్ల సంగతి, గుంతల సంగతి చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లకే ఆయన తల వంగిపోయింది.

"ఏడో గుంత ఏకగ్రీవం కాదు," అన్నాడు. "టైలరమ్మ అడ్డు చెప్పడానికి లేచింది. చూసి కూడా మూడు అనేశాను. ఆమె గోడ నా మూలాన పగిలింది."

సంఘం కార్యదర్శి ఆయన చెయ్యి పట్టుకు లాగాడు. "మేస్త్రీగారూ, బయటివాళ్ళున్నారు. తర్వాత మనలో మనం చూసుకుందాం."

"ఇన్నాళ్ళూ మనలో మనమే చూసుకున్నాం. ఆమెనే చూడలేదు."

పాత పుస్తకం తెరిచి "ఏకగ్రీవం" కొట్టేసి, కింద సంతకం పెట్టాడు. కొత్త ప్రణాళికలో మొదటి నియమాన్నీ కొట్టేశాడు. ముందు వరసలో గుసగుసలు బయల్దేరాయి. ముసలాయనకి మతి పోయిందని ఎవరో అన్నది ఆయనకి వినబడింది కూడా. స్పానరు తీసి బల్ల కింద పెట్టి, అభ్యంతరాలున్నాయా అని అడిగాడు. ఈసారి లెక్కపెట్టలేదు.

వెనక వరసలో టైలరమ్మ ఎప్పటిలాగే ఒళ్ళో గుడ్డ, నోట్లో సూదులతో కూర్చుని ఉంది. లేచి, మణికట్టుకు కట్టుకున్న దూదిమెత్తలో ఒక్కొక్క సూదీ గుచ్చడం మొదలుపెట్టింది. హాలంతా ఎదురుచూసింది. మేస్త్రీ నిలబడే ఉన్నాడు. తొమ్మిది సూదులు.

"ఏడోది పూడ్చి, పై మలుపులో తవ్వండి. నా గోడ సంఘమే కట్టాలి," అంది. "ఇంకా రెండు సంగతులున్నాయి అన్నయ్యా. కూర్చోండి."

మేస్త్రీ కూర్చున్నాడు.