స్తంభానికి చెవులు కట్టిన మేస్త్రి

ఆ వీధికి కొత్తగా వచ్చేవాళ్లకు దారి చెప్పడం చాలా తేలిక. తలెత్తి చూడమంటే చాలు. మిద్దెల మీద నీళ్ల ట్యాంకులన్నిటికంటే ఎత్తున, కొసన గొడుగు ఊచల్లా తీగలు చాచుకుని ఒక ఇనుప స్తంభం కనిపిస్తుంది. దాని కింద ఉన్న ఇల్లు మోటార్ల మేస్త్రిది. ‘స్తంభానికి ఇటు నాలుగో ఇల్లు’, ‘స్తంభం దాటాక కుడిచేతి సందు’ అనడం పోస్టుమాన్ మొదలు పాలవాడి దాకా అందరికీ అలవాటైపోయింది.

మేస్త్రి చదివింది పల్లెటూరి బడిలో, అదీ ఐదో తరగతి వరకే. ఆ మాట ఆయన దాచుకోడు. ముందు అది చెప్పి, ఆ తర్వాత తాను చేసిన పనులు వరసగా చెప్పుకొస్తాడు. అవి ఉత్త గొప్పలు కావు, జరిగిన సంగతులే. కాలిపోయిన మోటారు ఏది తెచ్చినా పాత తీగ విప్పి, కొత్త తీగ చుట్టి, మునుపటికంటే చల్లగా తిరిగేలా చేసి పంపాడు. మంచినీళ్ల పంపు మోటారు మాడిపోయి ఊరంతా బిందెలు పట్టుకుని నిలబడితే, తిండి మాట మరిచి కూర్చుని బాగుచేసి, కుళాయిల్లో నీళ్లు తెప్పించింది ఈ చేతులే. నలభై దాటాక చుక్కలూ గీతలతో మాట్లాడే మోర్సు భాష నేర్చుకుని, పరీక్ష రాసి, రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ నేర్చుకునే రోజుల్లో ఆయన వేలితో బల్ల మీద టకటకలాడిస్తుంటే, తలుపు ఎవరో కొడుతున్నారనుకుని ఇల్లాలు ఎన్నిసార్లు లేచి వెళ్లి గొళ్లెం తీసిందో లెక్కలేదు.

హాల్లో దీపానికి, గుండీ తిప్పితే వెలుతురు పెరిగేలా తగ్గేలా ఒక పెట్టె తయారుచేశాడు. అలాంటిది అప్పట్లో బజార్లో దొరికేది కాదు. పనివాళ్ల ప్రదర్శనలో దానికి మొదటి బహుమతి ఇచ్చారు. బహుమతిగా వచ్చిన గోడ గడియారం ఇప్పటికీ ఆ గుండీ పక్కనే వేలాడుతోంది. ఇంటికి వచ్చిన చుట్టాలు మంచినీళ్లు తాగేలోపే ఆ గుండీ తిప్పి చూడాలి, ‘అబ్బో’ అనాలి. అప్పుడు గాని కుర్చీ చూపించేవాడు కాదు.

అన్నిటికీ మించింది యాంప్లిఫయర్. రేడియో నుంచి వచ్చే బలాన్ని పెంచి స్తంభానికి అందించే పెట్టె అది. దాని ట్రాన్స్‌ఫార్మరు కోసం కాలిపోయిన వెల్డింగు మిషను ఇనుము తెచ్చి, చుట్టు మీద చుట్టు తానే చుట్టాడు. లోపల గాజు వాల్వులు రెండు, పొయ్యిలో నిప్పుల్లా ఎర్రబడతాయి. అలకు తగ్గట్టు పెట్టెను సరిచేసుకునే అల్యూమినియం పలకలు ఒక పళ్ల డాక్టరు పాత బోర్డులోంచి కోసినవి. వాటిలో ఒకదాని మీద సగం దంతం బొమ్మ ఇంకా నవ్వుతూ ఉంటుంది. స్తంభం మొదట్లో నేలలోపల నలువైపులా చెట్టు వేళ్లలా రాగి తీగలు పరిచాడు. అందుకోసం పెరడంతా తవ్వి పోశాక ఇల్లాలు ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. లైసెన్సులో రాసిన బలాన్ని మాత్రం ఒక్క వీసం కూడా దాటనివ్వలేదు. అది కూడా ఆయన చెప్పుకునే వరసలో ఉంది.

ఇంత బలం ఎందుకంటే, ఆయన మోజు పొడుగు రేడియో అలల మీద. పొట్టి అలల మీద దూరదేశాలతో మాట్లాడటం ఆయన దృష్టిలో సైకిలు తొక్కడంలాంటిది. పొడుగు అల అలా కాదు. పగలు ఊరి పొలిమేర దాటడానికే బద్ధకిస్తుంది. ఇక్కడ పొద్దు వాలే వేళ, అక్కడ పొద్దు పొడిచే వేళ ఒకటైతే, ఆ కాసేపు మాత్రం దారి తెరుచుకుంటుంది. పావుగంటలో మళ్లీ మూసుకుంటుంది.

అలా అవతల కొసన పొద్దు పొడిచే చోట ఆయనకొక నేస్తం ఉన్నాడు. దక్షిణ సముద్రంలో ఒక దీవి మీద లైట్‌హౌస్ మెకానిక్. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఒకరి భాష ఒకరికి రాదు. ఏళ్ల తరబడి ఉదయంపూట పొట్టి అలల మీద, మోర్సులో అందరికీ తెలిసిన పొడి అక్షరాలతో, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో వాతావరణం, మోకాళ్ల నొప్పులు, వాల్వుల సంగతులు చెప్పుకుంటారు. ఇల్లాలు కూడా “మీ లైట్‌హౌస్ తమ్ముడికి మోకాళ్లు ఎలా ఉన్నాయిట?” అని కాఫీ ఇస్తూ అడుగుతుంది.

ఒక ఉదయం ఆ తమ్ముడు కబురు చెప్పాడు. నెలాఖరుకి లైట్‌హౌస్ దానంతటదే వెలిగే యంత్రాలకు అప్పగిస్తున్నారు. తాను కూతురి దగ్గరకు, అపార్టుమెంటుకు వెళ్లిపోతున్నాడు. అక్కడ తీగ కట్టనివ్వరు. వెళ్లేలోగా ఒక్కసారి పొడుగు అల మీద కలుద్దామని ఆయన కోరిక. ఇద్దరూ ఎప్పటినుంచో అనుకుంటూ వాయిదా వేసిన పని అది.

“అది నా పూచీ,” అని మేస్త్రి మాటిచ్చేశాడు.

ఆ సాయంత్రమే వాల్వులు వేడెక్కించి, మోర్సు మీట పట్టుకుని పిలిచాడు. పిలిచి, చెవులకు హెడ్‌ఫోన్లు నొక్కుకుని విన్నాడు. గర్ర్‌ర్‌మని ఒకటే మోత. తుప్పు పట్టిన రంపంతో రేకు కోస్తున్నట్టు. మళ్లీ పిలిచాడు. మళ్లీ అదే మోత. పొద్దు గూకింది, దారి మూసుకుంది.

తెల్లారి పొట్టి అలల మీద తమ్ముడు చెప్పిందిది: ‘నిన్న బ్రహ్మాండంగా వచ్చావు. రేకుల షెడ్డులో ఎద్దు రంకె వేసినట్టుంది. నేను జవాబిస్తూనే ఉన్నాను. నువ్వేమో నా మీదే మాట్లాడావు.’

మేస్త్రి ఇందులో మొదటి సగం వీధంతా చెప్పాడు. రెండో సగం ఇంట్లో కూడా చెప్పలేదు.

“అయితే మీరు ఆయనకి వినిపించారు. ఆయన మీకు వినిపించాడా?” అంది ఇల్లాలు.

మేస్త్రి మీట మీద దుమ్ము తుడిచాడు. “వాతావరణం బాగోలేదులే.”

“వాతావరణం రెండువైపులా ఒకటే కదండీ?”

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వాల్వుల బలం హద్దు దాకా ఉంది, ఇక పెంచడానికి లేదు. పెంచినా లాభం లేదు. అరుపు సరిపోతోంది, వినికిడే లేదు. పొడుగు అలల వాళ్లలో ఇలాంటి మనిషిని వెనక నవ్వుకుంటారని మేస్త్రికి తెలుసు. అందరికీ వినపడి ఎవరినీ వినలేనివాడని పేరు పడితే, ఇన్నేళ్ల పేరూ మట్టి కొట్టుకుపోతుంది. అంతకంటే, ఆ తమ్ముడు రోజూ పొద్దున్నే లేచి గాలికి చెప్పుకుంటున్నాడే అన్నది గుచ్చుకుంది.

మోత సరిగ్గా పొద్దు వాలగానే మొదలవుతోంది, రాత్రి పడుకునే వేళకు పోతోంది. అది ఆయన గమనించాడు. పొద్దు వాలగానే వీధిలో మొదలయ్యేది ఇంకేముంది? పక్కింటి దర్జీ కొత్తగా కొన్న కరెంటు కుట్టుమిషను. స్కూలు యూనిఫారాలు ఒప్పుకున్నాడు, సాయంత్రం కూర్చుంటే భోజనాల దాకా లేవడు.

మేస్త్రి దర్జీ గుమ్మంలో నిలబడ్డాడు. “ఏమయ్యా, ఏం మిషనయ్యా అది? నా రేడియో చెవులు పగలగొడుతోంది.”

దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు. ఒక్కొక్కటి తీసి మెత్తకు గుచ్చి, అప్పుడు మాట్లాడాడు. “మేస్త్రిగారూ, దీని మోటారు చూసి ‘రాయిలాంటిదిరా, కొనుక్కో’ అన్నది తమరే.”

“అన్నాను. మోటారు మంచిదే. మోత చెడ్డది.”

“ఆపితే పోతుందంటారా?”

“ఆపి చూడు.”

“మిషనేం ఖర్మ, ఇల్లు మొత్తం ఆపేస్తా. తర్వాత నన్ననకూడదు.” దర్జీ లేచి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. ఇల్లంతా చీకటైంది. లోపల్నుంచి ఎవరో కెవ్వుమన్నారు.

మేస్త్రి గోడ మీదుగా తల పెట్టి, “ఏమోయ్! పోయిందా?” అని కేకేశాడు.

చెవికి ఫోను పెట్టుకుని కూర్చున్న ఇల్లాలి గొంతు వీధి చివరిదాకా వినిపించింది. “నిక్షేపంలా ఉందండీ!”

దర్జీ చీకట్లోనే నవ్వాడు. “చెల్లెమ్మ చెప్పింది విన్నారుగా. ఇక నా యూనిఫారాలు నేను కుట్టుకోవచ్చా?”

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఇల్లాలు చెవిఫోను బల్ల మీద పెట్టి, ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“వాళ్లింట్లో ఆపించారు. మరి మనింట్లో?”

“మనింట్లో ఏముందే? అన్నీ నా చేత్తో చేసినవే.”

“అందుకే అడుగుతున్నా.”

ఆయన మొహం కందగడ్డ అయింది. అయినా నెలాఖరు తరుముకొస్తోంది. రేడియోని బ్యాటరీకి తగిలించి, ఇల్లాలి వైపు చూడకుండా, “సరే, ఆపు,” అన్నాడు. ఆవిడ వెళ్లి మెయిన్ ఆపింది.

మోత పోయింది. జోరువానలోంచి ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నట్టయింది. ఆ నిశ్శబ్దంలో, సన్నగా, ఎక్కడెక్కడివో మోర్సు పిలుపులు చీమల బారులా కదిలాయి. అన్నాళ్లూ అవి అక్కడే ఉన్నాయి, దగ్గరి గట్టి గొంతులతోనే సరిపెట్టుకున్న ఆయనకే తెలియలేదు.

తర్వాత ఒక్కొక్క ఫ్యూజే పెట్టుకుంటూ వచ్చారు. వంటగది పెట్టారు, మోత లేదు. పడకగది పెట్టారు, లేదు. హాలుది పెట్టగానే గర్ర్‌ర్‌మంది. ఇల్లాలు దీపం గుండీ మీద చెయ్యి వేసి కొంచెం తిప్పింది. మోత గొంతు మార్చుకుంది. ఇంకొంచెం తిప్పింది, ఇంకో గొంతు. పొద్దు వాలగానే ఆ దీపం సన్నగా పెట్టుకుని కూర్చోవడం ఆవిడకు ఏళ్ల అలవాటు. పడుకోబోయే ముందు ఆపుతుంది.

మేస్త్రి గోడ గడియారం కేసి చూశాడు. మొదటి బహుమతి. ఆ పెట్టె కరెంటును ముక్కలుముక్కలుగా కోసి వెలుతురు తగ్గిస్తుందని, ఆ కోత తీగల వెంట పాకి స్తంభం ఎక్కుతుందని ఇంకెవరి పెట్టె గురించైనా అయితే క్షణంలో చెప్పేవాడు. తన పెట్టె మీద అనుమానమే రాలేదు.

“ఎంత బాగా చేశారో చూడండి,” అంది ఇల్లాలు. “సముద్రం అవతలి మనిషిని కూడా వినపడకుండా చేసింది.”

ఆయనకు కోపం రావాలి. నవ్వొచ్చింది. లేచి స్క్రూడ్రైవరు తెచ్చి, గుండీ విప్పి, ఆ స్థానంలో మామూలు స్విచ్చు బిగించాడు. పెట్టెను పాతగుడ్డలో చుట్టి, పారెయ్యలేక, అటక మీద పెట్టాడు.

అయితే పని అంతటితో అయిపోలేదు. స్తంభం పిలవడానికి పుట్టింది. వినేటప్పుడు ఊళ్లో చప్పుళ్లన్నీ అదే ప్రేమతో పట్టుకుంటుంది. దూరపు సన్నటి గొంతు వినాలంటే వేరే తీగ కావాలి. మనిషి ఎత్తులో, అవతలి మనిషి ఉన్న దిక్కుకు చాచి, నేల వెంట చాలా దూరం లాగాలి. ఆ దిక్కున మొదట ఉన్నది దర్జీ పెరడు. దాని వెనక మూతపడ్డ కలప డిపో ఖాళీ స్థలం. డిపో కాపలాదారు ఎప్పుడో మేస్త్రి చేత ఫ్యాను బాగుచేయించుకున్నవాడు, అడగ్గానే సరేనన్నాడు. దర్జీని అడగడమే మిగిలింది.

గుమ్మంలో మళ్లీ నిలబడ్డాడు. ఈసారి గొంతు కిందికి దిగింది. “మోత మాదేనయ్యా. మా హాల్లో గుండీది.”

“ఆ బహుమతి గుండీయా?”

“ఆ గుండీయే.”

దర్జీ మిషను ఆపి, కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కించుకున్నాడు. “అయితే నా మిషను రాయిలాంటిదేనన్నమాట.”

“రాయే. నాదే పొరపాటు. ఇప్పుడింకో సాయం కావాలి,” అని మేస్త్రి తీగ సంగతి చెప్పాడు.

“లాక్కోండి. బట్టలారేసుకోనిస్తారా దాని మీద?”

“ఆరేస్తే నీ చొక్కాలన్నీ మోర్సు మాట్లాడతాయి.”

దర్జీ పగలబడి నవ్వి, మంచం కిందనుంచి ఒక సంచి లాగాడు. అందులో దారం అయిపోయిన ప్లాస్టిక్ కండెలు కుప్పగా ఉన్నాయి. “కర్రలకి తీగ తగలకుండా ఇవి పనికొస్తాయేమో చూడండి. పారెయ్యబుద్ధి కాక దాస్తున్నా.”

ఎందుకు పనికిరావు! కర్రకొక కండె మేకుతో బిగించి, దాని నడుములో తీగ చుట్టి, దర్జీ పెరట్లోంచి డిపో చివరి గోడ దాకా ఇద్దరూ కలిసి లాగారు. దూరం నుంచి చూస్తే ఎవరో ఊరికి టాకా వేసినట్టుంది. ఆ వరసను కళ్లజోడు సరిచేసుకుని చూసి, “కుట్టు తిన్నగా పడింది,” అన్నాడు దర్జీ.

నెలాఖరు సాయంత్రం వచ్చింది. అక్కడ పూర్తిగా తెల్లవారగానే తీగ దించేస్తారు. ఇల్లాలు అడక్కుండానే మెయిన్ దగ్గర నిలబడి, రేడియోకీ యాంప్లిఫయరుకీ ఉన్న లైను తప్ప మిగిలినవన్నీ ఆపేసింది. పక్కింట్లో మిషను చప్పుడు కూడా ఆగింది. అవసరం లేదని చెప్పినా దర్జీ వినలేదు. కిటికీలో పొద్దు ఎర్రగా ఉంది. వాల్వులు అంతకంటే ఎర్రగా ఉన్నాయి.

మేస్త్రి మీట మీద చెయ్యి వేశాడు. మళ్లీ తీసేశాడు. ముందు విన్నాడు. అది ఆయన జీవితంలో కొత్త.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగున, దుమ్ములో సూది పడినట్టు, ఒక సన్నటి గొంతు. ఆ చేతివాటం ఆయనకు తెలుసు. చివరి గీతను కొంచెం సాగదీసే అలవాటు ఇంకెవరికీ లేదు. మేస్త్రి పేరునే పిలుస్తోంది. రోజూ పిలిచినట్టే పిలుస్తోంది.

ఆయన ఒక్కసారి, క్లుప్తంగా జవాబిచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అవతల గీతలు తడబడ్డాయి. తర్వాత, ఎంత బలంగా వినిపిస్తున్నావో చెప్పే అంకెలు వచ్చాయి. మేస్త్రి తనకు వినిపించిన అంకెలు తాను చెప్పాడు. ఒక్క పొల్లు పెంచలేదు. చాలా సన్నగా, వినీ వినపడనట్టు, కాని పూర్తిగా. అవతలినుంచి ధన్యవాదాలు వచ్చాయి. వెంటనే మళ్లీ ధన్యవాదాలు. తర్వాత వీడ్కోలు అక్షరాలు, ఆ సాగదీసిన చివరి గీత. ఆ గీత సముద్రపు చప్పుడులో కలిసిపోయింది.

గోడ అవతలి నుంచి దర్జీ, “మేస్త్రిగారూ, వినిపించారా?” అన్నాడు.

“విన్నాను,” అన్నాడు మేస్త్రి.

గదిలో చీకటి పడుతోంది. ఆయన ఫోన్లు తియ్యలేదు. అల దారి మూసుకుపోయిందని తెలుసు, అయినా తల వంచుకుని కూర్చునే ఉన్నాడు.

“ఇక దీపం వేసుకోవచ్చా?” అంది ఇల్లాలు మెయిన్ దగ్గరనుంచి.

“ఒక్క నిమిషం ఉండు,” అన్నాడాయన.

ఆవిడ వచ్చి, తడుముకుంటూ పక్కన కూర్చుంది. ఆయన ఒక ఫోను తీసి ఆవిడ చెవికి పెట్టాడు. ఏమీ లేదు, సన్నటి హోరు తప్ప.

“ఇదేనా మీ తమ్ముడి ఊరు?” అంది.

“ఆఁ,” అన్నాడు మేస్త్రి. “ఇదే.”