ఎండబెట్టిన దొమ్మ

ఎమ్మిగనూరు దగ్గర గొర్రెలు కాసే కురువ గిడ్డయ్య ఒక్క కేక వేస్తే మందంతా తిరిగి చూసేది. ఎవరైనా చెబితే వినే అలవాటు మాత్రం ఆయనకు లేదు. ఆ ఏడు తొలకరి పడగానే దొమ్మరోగం దిగింది. నిన్న మేసిన గొర్రె తెల్లారేసరికి ముక్కున నల్లటి నెత్తురు కారుతూ పడి ఉండేది. ఆదోని పశువుల ఆసుపత్రి నుంచి కాంపౌండరు యూసుఫ్ సాబ్ సూదిమందు తెచ్చాడు.

“దాంట్లో ఏముండాది సాబ్?” అన్నాడు గిడ్డయ్య.

“దొమ్మ పురుగేనప్పా. పానం ఉంటాది గానీ కోరలు పీకినారు. దాంతో కొట్లాడి ఒళ్లు గట్టిపడతాది.”

పెద్ద గొర్రెలకు వేసేసరికి మందు అయిపోయింది. గొర్రెపిల్లలకు మళ్లీ తెస్తానని సాబ్ వెళ్లాడు.

అందాకా ఆగితే పిల్లలు దక్కవని గిడ్డయ్యకు భయం పట్టుకుంది. మన ఎండకు వాడిపోనిది ఏముందిలే అనుకుని, చచ్చిన గొర్రె నెత్తురు పెంకులో పోసి ఎండబెట్టాడు.

“దయ్యాన్ని ఎండబెడితే దేవుడైతాదా?” అంది పెళ్లాం హనుమక్క.

“కోరలు పీకేది డాక్టర్లకే వచ్చునా? పోవే.”

తుమ్మముల్లుతో పిల్లల చెవులు గీరి ఆ పొడి రుద్దాడు. ముల్లు ఒకసారి తన బొటనవేలిలోనూ దిగింది.

సాబ్ మందుతో తిరిగొచ్చేసరికి దొడ్లో పిల్లల అరుపుల్లేవు. గిడ్డయ్య వేలి మీద నల్లటి కురుపు లేచి, చెయ్యంతా ఉబ్బి ఉంది.

“నొప్పి ఉండాదా అప్పా?”

“రవ్వంత కూడా లేదు సాబ్. పిల్లలే పోయినాయి.”

దొమ్మ కురుపుకు నొప్పి ఉండదని సాబుకు తెలుసు. మందుపెట్టె తెరవకుండానే, పెద్దాసుపత్రికి బండి కట్టమని హనుమక్కతో మెల్లగా అన్నాడు.